ఎవరు ముందు

డిసెంబరు 2

చెల్లీ, మరిదీ పోయాక ఇవాళే మొదటిసారి పనికి వెళ్ళాను. ల్యాబులో నేను సగం చేసి వదిలేసిన పళ్ళ సెట్టు వదిలిన చోటే ఉంది. మైనంలో పైవరస గుచ్చి ఉంది, కిందివరస లేదు. ఓనరు ఎవరినీ ముట్టుకోనివ్వలేదట. నీ చేతిపని నువ్వే వచ్చి పూర్తిచేస్తావనుకున్నాను అన్నాడు, నా మొహంలోకి చూడకుండా. కూర్చుని పూర్తిచేశాను. చెయ్యి వణుకుతుందనుకున్నాను. వణకలేదు. వణకనందుకే ఏడుపొచ్చింది.

డిసెంబరు 4

దారిలో కనిపించినవాళ్ళందరూ ఎలా జరిగిందనే అడుగుతారు. చెప్పి చెప్పి అదొక పాఠంలా నోటికి వచ్చేసింది. పొగమంచు, వంతెన మలుపు, రెయిలింగు విరిగి కారు ఏట్లో పడింది. మరిది నడుపుతున్నాడు, చెల్లి పక్క సీట్లో ఉంది. పొద్దున పాలబండి అతను విరిగిన రెయిలింగు చూసి పోలీసులకి ఫోన్ చేశాడు. వాళ్ళు గజ ఈతగాణ్ణి పిలిపించి ఇద్దరినీ బయటికి తీయించారు.

ఇక్కడికి రాగానే అవతలివాళ్ళు ఆగిపోతారు. "అదేంటి, తనకి ఈతొచ్చు కదా" అంటారు. వచ్చు. ఈతకొలనులో పిల్లలకి నేర్పడమే దాని ఉద్యోగం. ఈ ఊళ్ళో సగం మంది పిల్లలు దాని అరచేతుల మీదే నీళ్ళలో తేలారు. నాన్న దాన్ని చేపపిల్ల అనేవాడు. అమ్మా నాన్నా ఇది చూడకుండానే పోయారు, అదొక్కటే నయం.

నుదుటి మీద దెబ్బ ఉంది. నేను చూశాను. కారు నీళ్ళని తాకకముందే స్పృహ పోయి ఉంటుంది. నీళ్ళ సంగతి దానికి తెలియనే తెలియదు.

డిసెంబరు 5

తెలియనే తెలియదు.

డిసెంబరు 11

లాయరు కబురు చేస్తే వెళ్ళాను. ఇల్లు కొన్నప్పుడే మరిది వీలునామా రాయించాడట. రాయించే ఉంటాడు. వానాకాలం గొడుగు ఎండాకాలంలోనే బాగుచేయించి పెట్టుకునే మనిషి. ఇల్లు తన తర్వాత భార్యకి. భార్య తనకన్నా ముందే పోతే తల్లికి. అంతే రాసి ఉంది.

ఇద్దరూ ఒకేసారి పోయారు కదండీ అన్నాను. లాయరు నోట్లో పిప్పరమెంటు బిళ్ళ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చుకున్నాడు.

"చట్టానికి ఒకేసారి అనేది ఉండదమ్మా. ఎవరో ఒకరు ముందు, ఎవరో ఒకరు తర్వాత. ఎంత ప్రయత్నించినా తేలకపోతే, వయసులో చిన్నవాళ్ళు తర్వాత పోయినట్టు లెక్క. మీ చెల్లెలు చిన్నది కాబట్టి ఇల్లు క్షణమైనా ఆవిడది అయింది. పిల్లల్లేరు, తల్లిదండ్రులు లేరు. ఆవిడా అప్పుడే వీలునామా రాయించింది, భర్త ముందే పోతే తనదంతా అక్కకి అని. ఆవిడ తర్వాత మీరే."

ఆ ఇంట్లో పెద్దావిడ ఉందండీ అన్నాను. మరిది వాళ్ళమ్మ. మొదటినుంచీ వాళ్ళతోనే ఉండేది, ఇప్పుడు ఒక్కతీ ఉంది. లాయరు ఆవిడ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. చెల్లెలు ముందు పోయిందని రుజువు చేస్తే ఆవిడకే వస్తుందట. ఆవిడ పెద్దకొడుకు పక్క ఊరి నుంచి వచ్చి అప్పుడే వేరే లాయరుని కలిశాడట.

నాకు ఇల్లేం వద్దు. ఆ మాట లాయరుతో అనలేదు. ఇంటికొచ్చాక మా ఆయనతోనూ అనలేదు.

డిసెంబరు 12

మేముండే వాటా అమ్మేస్తున్నారు. ఎండలు ముదిరేలోగా ఖాళీ చేయమన్నారు. ఇది కొత్త సంగతేం కాదు, చెల్లి ఉన్నప్పుడే చెప్పారు. ఊరికే రాస్తున్నాను.

డిసెంబరు 15

వెళ్ళి పెద్దావిణ్ణి చూసొచ్చాను. వరండా తీగ మీద చెల్లి ఈత టోపీ ఇంకా ఆరేసే ఉంది. రబ్బరు ఎండకి బిరుసెక్కింది. ఆవిడ తియ్యలేదు, నేనూ తియ్యలేదు.

వాళ్ళిద్దరికీ ఏనాడూ పొసగలేదు. కొలను నుంచి రాగానే దీని జుట్టంతా ఆస్పత్రి వాసన అని ఆవిడ ముక్కు చిట్లించేది. వెంటనే చెల్లి వెళ్ళి ఆవిడ పక్కనే కూర్చునేది. నాకు చెప్పి పడీపడీ నవ్వేది. నాకు మాత్రం ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఇవాళ ఆవిడ కుర్చీ చూపించింది, మంచినీళ్ళిచ్చింది. వీలునామా మాట ఇద్దరమూ ఎత్తలేదు. వెనకవైపు రెండు గదులూ చెల్లి వాడుకునేది. పెద్ద గదిలో మా మంచం కిటికీ పక్కన సరిగ్గా పడుతుంది. అలా అనుకోవాలని అనుకోలేదు. కంటికి అలా కనపడింది.

జనవరి 8

కోర్టు నుంచి కాగితం వచ్చింది. పెద్దావిడ తరఫు వాదన ఏమిటంటే చెల్లి దెబ్బ తగిలి అక్కడికక్కడే పోయింది, మరిది తర్వాత పోయాడు.

మా ఆయన కాగితం చదివి మడిచి బల్లమీద పెట్టాడు. బస్సుల డిపోలో రోజంతా ఇంజన్ల కింద పడుకుని లేచే మనిషి, ఎక్కువ మాట్లాడడు. "మనం అడుక్కోవడం లేదు. చట్టం ఇస్తానంటోంది" అన్నాడు. నిజమే. ఇది ఇంటి కోసం కాదు. దాన్ని ముందు పోయినదాన్ని చేసి పక్కకి తోసేస్తే ఊరుకోవడమా అని.

జనవరి 10

చెల్లి గట్టిది. గుండె నిండా ఊపిరి పీల్చుకుని కొలను అడుగున కూర్చుంటే మేం పైనుంచి భయపడి చచ్చేవాళ్ళం. చివరికి నవ్వుతూ పైకి లేచేది. నుదుటి మీద ఆ కాస్త దెబ్బకి పోయే మనిషి కాదు. అందరికన్నా ఎక్కువసేపు ఉంటుంది. ఉంది.

జనవరి 11

డిసెంబరు అయిదున రాసిన పేజీ చూశాను. నేనే రాశాను, నా రాతే. నిన్న రాసిందీ నా రాతే. రెంటిలో ఒకటి చింపేద్దామని కూర్చున్నాను. ఏది చింపాలో తెలియలేదు.

జనవరి 20

మధ్యాహ్నం పెద్దావిడ ల్యాబుకి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రుమాలులో చుట్టిన పైసెట్టు బల్లమీద పెట్టింది. నడిమికి విరిగింది. అది నేను చేసిందే, పెళ్ళయిన కొత్తలో చెల్లి పట్టుబట్టి చేయించింది. అప్పట్లో కొరుకుడు సరిగ్గా లేదని నాలుగుసార్లు వెనక్కి పంపింది ఈ మహాతల్లి.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనే పంపిస్తాడు కదా అన్నాను. ఆయన ఎటుతిరిగీ నీకే ఇస్తాడు, మధ్యలో ఆయనెందుకు అంది. పళ్ళు లేక మాట ముద్దముద్దగా వచ్చింది.

అతికించే ముందు నోరు చూశాను. చిగుళ్ళు బాగా అరిగిపోయాయి. మనిషి చిక్కిపోతే చిగుళ్ళూ చిక్కిపోతాయి. అందుకే సెట్టు వదులై కిందపడి విరిగింది. తిండి తినడం లేదా అని అడగబోయి మానేశాను. ఏ మొహం పెట్టుకుని అడగను? అతికించి, లోపలివైపు కొత్త పొర వేసి, నునుపు చేసేదాకా ఆవిడ స్టూలు మీద కూర్చుని నా చేతుల్నే చూసింది.

పెట్టుకుని రెండుసార్లు కొరికి చూసుకుంది. "ఈసారి సరిగ్గా కుదిరింది" అంది. వెళ్ళేముందు గుమ్మంలో ఆగింది. పెద్దవాడు వేశాడమ్మా ఆ కేసు, సంతకం మాత్రం నేనే పెట్టాను అంది. నేనూ పెట్టాను అత్తయ్యగారూ అన్నాను.

ఫిబ్రవరి 6

కోర్టు. చిన్న గది, ఫ్యాను తిరుగుతుంటే కాగితాల మీద గాజు పేపరువెయిట్లు. వాళ్ళ లాయరు పోస్టుమార్టం రిపోర్టు గట్టిగా చదివాడు. నుదుటి మీద దెబ్బ ఎంత వెడల్పు, ఎంత లోతు. ఇంత దెబ్బ తగిలిన మనిషి నీళ్ళలో పడేసరికే ప్రాణం వదిలి ఉంటుంది, ఏ బాధా తెలిసి ఉండదు అన్నాడు.

నేను పగలూ రాత్రీ నమ్మాలని కోరుకున్న మాటే అది. ఎవరైనా చదువుకున్నవాళ్ళు నాతో అనాలని చూసిన మాట. అది విని నాలో ఏదో చల్లబడుతుండగానే మా లాయరు లేచి నిలబడ్డాడు. ఆమె ఈత టీచరు, ఊపిరితిత్తులు మామూలువాళ్ళకన్నా బలమైనవి, ఆమె చాలాసేపు ప్రాణాలతో ఉండి ఉంటుంది అన్నాడు. నా తరఫున అన్నాడు. నేను ఫీజు ఇచ్చి అనిపించాను.

అవతల బెంచీ మీద పెద్దావిడ కళ్ళు మూసుకుంది. ఆవిడ లాయరు కూడా అంతేగా మరి, మీ అబ్బాయి ఎక్కువసేపు కొట్టుకున్నాడని నిరూపిస్తాను అంటున్నాడు ఆవిడతో. మేమిద్దరం ఎవరి మనిషి ఎక్కువసేపు మునిగారని పోటీ పడుతున్నాం.

ఫిబ్రవరి 7

పనికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 19

గజ ఈతగాడు సాక్ష్యం చెపితే కేసు తేలిపోతుందని లాయరు అన్నాడు. పోలీసులకి అతను ఒక్క వాక్యమే ఇచ్చాడట, ఇద్దరూ కారులోనే ఉన్నారని. లోపల ఎలా ఉన్నారో అడిగినవాళ్ళు లేరు. ముందు మీరు వెళ్ళి కలవండి, ఆడమనిషి, అక్క, మీకైతే చెప్తాడు అన్నాడు. ఆదివారం వెళ్తాను.

ఫిబ్రవరి 23

వెళ్ళాను. ఏటి ఒడ్డున రేకుల షెడ్డు, లోపల పడవ మోటారు విప్పి నేల మీద పరుచుకుని ఉన్నాడు. మా నాన్న వయసుంటుంది. నేనెవరో చెప్పగానే చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు, అది పోయాక కూడా.

చెప్పడం ఇష్టం లేదన్నాడు. "నేను తీసినవాళ్ళ ఇళ్ళవాళ్ళు వస్తూనే ఉంటారమ్మా. చెప్పాక నన్ను తిట్టుకుంటారు." తిట్టుకోనని మాటిచ్చాను.

చెల్లి వైపు కిటికీ అద్దం పూర్తిగా దించి ఉందట. పాత కారు, చేత్తో తిప్పే అద్దం. అంటే అది తిప్పింది. బెల్టు విప్పుకుని ఉందట. అంటే దానికి తెలివి ఉంది, దారి ఉంది. చేపపిల్ల. ఒక్క తన్ను తంతే పైకి వచ్చేది.

ఎందుకు రాలేదో కూడా చెప్పాడు. అది రాయను.

ఎవరు ముందండీ అని అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను. ఎవరూ చెప్పలేరమ్మా, నేను చూసినదాన్ని బట్టి అయితే అసలు చెప్పలేరు అన్నాడు.

ఫిబ్రవరి 24

లాయరుకి ఫోన్ చేసి, అతనికి ఏమీ గుర్తులేదట అని చెప్పాను. అయ్యో, గుర్తుంటే నుదుటి దెబ్బ వాదన ఒక్క దెబ్బకి కొట్టేసేవాళ్ళం అన్నాడు. అవునండీ అన్నాను.

ఆ గదిలో, ఆ ఫ్యాను కింద, టైపు చేసే అమ్మాయి ఒక్కో మాటా కొట్టుకుంటూ ఉండగా అది బయటికి రావడం నేను చూడలేను. ఓడిపోతే పోయాం. మా ఆయనకి కూడా గుర్తులేదనే చెప్పాను. ఆయన నా వంక చూసి, అన్నం తిను అన్నాడు.

మార్చి 18

పోస్టుమార్టం చేసిన డాక్టరు వచ్చాడు. ఆ దెబ్బకి పోవచ్చు, పోకపోవచ్చు, స్పృహ తప్పవచ్చు, తప్పకపోవచ్చు అన్నాడు. ఇద్దరి ఊపిరితిత్తుల్లోనూ నీళ్ళున్నాయి, ఎవరు ముందో నేను చెప్పలేను అన్నాడు. రెండువైపుల లాయర్లూ అడిగిందే అడిగారు. డాక్టరు చెప్పిందే చెప్పాడు. ఇంటికొస్తే ఇంటాయన మళ్ళీ గుర్తుచేశాడు, ఏప్రిల్ నెలాఖరుకల్లా వాటా ఖాళీ చేయాలని.

ఏప్రిల్ 9

తీర్పు వచ్చింది. ఎవరు ముందు మరణించారో నిర్ణయించడానికి తగిన ఆధారాలు లేవు కనుక, వయసులో చిన్నదైన భార్య భర్త తర్వాత మరణించినట్టు భావించడమైనది.

గెలిచాం. మా ఆయన కోర్టు మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నాడు, ఎన్నేళ్ళకో. పెద్దావిడ కొడుకు ఎవరితోనో ఫోన్‌లో కోపంగా మాట్లాడుతున్నాడు. ఆవిడ అతని వెనకాల, అడుగులో అడుగు వేసుకుంటూ, మెట్లు దిగుతోంది. రెయిలింగు పట్టుకోలేదు.

ఏప్రిల్ 10

సంతోషంగానే ఉంది. ఎందుకుండదు.

ఏప్రిల్ 13

పెద్దావిడ కబురు చేసింది, తాళంచెవులు తీసుకెళ్ళమని. ఒక్కదాన్నే వెళ్ళాను.

రెండు సూట్‌కేసులు హాల్లో పెట్టి ఉన్నాయి. వంటగది కడిగి ఆరబెట్టింది. పెద్దకొడుకు సాయంత్రం వచ్చి తీసుకెళ్తాడట. అతనిది మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ సంగతి చెల్లి ఎప్పుడో చెప్పింది. ఆవిడ చెవులగుత్తి బల్లమీద పెట్టి, ఏది ఏ తలుపుదో ఒక్కొక్కటే చూపించింది. అంతా అయ్యాక ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఈతగాడి దగ్గరికి వెళ్ళావటగా" అంది.

మా లాయరు వాళ్ళ లాయరుకి చెప్పాడట. లాయర్లకి రహస్యాలేముంటాయి. వెళ్ళానన్నాను.

"ఏమీ గుర్తులేదన్నాడటగా. రోజూ మనుషుల్ని తీసేవాడికి మావాళ్ళు గుర్తులేకపోతే పోనీ. కానీ నువ్వు ఆ రోజు నుంచీ కోర్టులో నా వైపు చూడ్డం మానేశావు. అందుకని అడుగుతున్నా."

చెప్పకూడదనే అనుకున్నాను. వినకపోతేనే ఆవిడకి మంచిది అనుకున్నాను. అసలు సంగతి అది కాదు, నేను ఒక్కదాన్నే మోయలేక ఇన్నాళ్ళూ ఊపిరాడక ఉన్నాను. చెప్పాను. చెల్లి బెల్టు విప్పుకున్న సంగతి, అద్దం దించిన సంగతి. మరిది బెల్టు బకిల్ ఇరుక్కుపోయింది. చెల్లి అటు వంగి ఉంది. దాని రెండు చేతులూ ఆ బకిల్ మీదే ఉన్నాయి, వేళ్ళు విడదీసి తీయాల్సి వచ్చింది ఈతగాడికి.

ఆవిడ కుర్చీలో ముందుకి వంగింది.

"వెళ్ళిపోగలిగేదా?"

"వెళ్ళిపోగలిగేది."

"మరి వాడు?"

నేను చెవులగుత్తి వైపు చూస్తూ చెప్పాను.

"తన చెయ్యి చెల్లి భుజం మీద ఉందట అత్తయ్యగారూ. పట్టుకుని కాదు. కిటికీ వైపు తోస్తున్నట్టు. అలాగే బిగుసుకుపోయి ఉందట."

"ఏ చెయ్యి?"

"ఎడమచెయ్యి."

"వాడిది ఎడమచేతివాటం" అంది. "చిన్నప్పుడు కొట్టి మాన్పించాలని చూశాను. కుడిచేత్తో తినేవాడు, రాసేవాడు. బలమంతా మాత్రం ఎడమచేతిలోనే ఉండేది."

లేచి నా దగ్గరికి వచ్చింది. నా భుజం మీద తన ఎడమచెయ్యి వేసింది. చిన్న చెయ్యి, ఎముకలన్నీ తెలుస్తున్నాయి.

"ఇలాగా?"

"ఇలాగే."

"గట్టిగానా, మెల్లగానా?"

"గట్టిగానే అయి ఉంటుంది."

తోసింది. ఆవిడలో అంత బలం ఉందని నేననుకోలేదు. కుర్చీతో సహా పక్కకి జరిగాను. మళ్ళీ తోసింది. ఆ తర్వాత ఆ చెయ్యి తియ్యకుండానే, నా భుజం మీదే తల ఆనించి ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూడ్డం. నేనూ ఏడ్చాను. అప్పటిదాకా నేను చెల్లి కోసం సరిగ్గా ఏడవనే లేదని అప్పుడు తెలిసింది.

సాయంత్రం పెద్దకొడుకు వస్తే, సూట్‌కేసులు మళ్ళీ లోపల పెట్టమని నేనే చెప్పాను.

ఏప్రిల్ 14

మా ఆయనతో అంతా చెప్పాను, ఈతగాడి సంగతితో సహా. ఇల్లు ఇద్దరి పేరా పెడదామనుకుంటున్నాను, ఆవిడదీ నాదీ అన్నాను. ఎవరు ముందు పోయినా రెండోవాళ్ళకి మొత్తం వచ్చేట్టు. గెలిచిన కేసు మళ్ళీ సగం ఇచ్చేస్తావా అన్నాడు. తర్వాత, ఆవిడకి మనం వెనకగదుల్లో ఉంటే అభ్యంతరం ఉంటుందా, అది కనుక్కో అన్నాడు.

ఏప్రిల్ 17

కనుక్కున్నాను. వంటగది ఒక్కటే ఉంది, పొద్దున పూట నాకు అడ్డం రాకూడదు అంది. తాళింపులు నేను చూసుకుంటాను, నీ వంట మీ చెల్లెలు చెప్పింది అంది. ఏం చెప్పిందో నాకు తెలుసు. అడగలేదు.

మే 6

రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం, ఆవిడా నేనూ. లాయరు కూడా వచ్చాడు, ఇదంతా తనకేమీ నచ్చనట్టు. అక్కడి గుమాస్తా కాగితం మొత్తం చదివి కళ్ళజోడు పైకి నెట్టాడు. ఇద్దరిలో ఒకరు ముందు పోతే రెండోవారికి, అది సరే అన్నాడు. ఆయన అడగడం ఆయన ఉద్యోగం. మా సంగతేమీ ఆయనకి తెలియదు.

"ఒకవేళ ఇద్దరూ ఒకేసారి పోతే? అది కూడా రాయించుకుంటే మంచిదమ్మా. తర్వాత గొడవలుండవు."

లాయరు నోట్లో బిళ్ళ తిరగడం ఆగిపోయింది. నేను బల్ల అంచు పట్టుకున్నాను. పెద్దావిడ మాత్రం కళ్ళు ఆర్పకుండా ఆ గుమాస్తానే చూసింది, లెక్క తెలియని పిల్లవాడికి లెక్క చెప్తున్నట్టు.

"నేను ముందు పోయినట్టు రాసుకో నాయనా" అంది. "పెద్దదాన్ని కదా."